యాభై వేల గేమింగ్ పీసీ: ఏ పార్ట్‌కు ఎంత పెట్టాలి?

మా అక్క కొడుకు అనంతపురంలోనే ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒక సాయంత్రం జేబులో మడిచిన కాగితంతో ఇంటికొచ్చాడు. "మామా, ఐ7 ప్రాసెసర్ అంట. పదహారు జీబీ ర్యామ్, నాలుగు జీబీ గ్రాఫిక్ కార్డు. మానిటర్‌తో కలిపి ముప్పై రెండు వేలకే ఇస్తామంటాండారు. నాన్న యాభై వేలు ఇస్తానన్యాడు కదా, పద్దెనిమిది వేలు మిగుల్తాయి" అన్నాడు. వాడి ముఖంలో సంతోషం చూస్తే ఆ కాగితం జోలికి పోబుద్ధి కాలేదు. కానీ ఆ యాభై వేలు వాళ్ల నాన్న శెనక్కాయ అమ్మిన డబ్బులోంచి పక్కన పెట్టినవి. ఒకసారి తప్పు సామాను కొంటే మళ్లీ నాలుగైదేళ్ల దాకా ఆ ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తే వీలుండదు. అందుకే కాగితం తీసుకుని దీపం కింద కూర్చున్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అది ఐ7 ప్రాసెసరే. ర్యామ్ పదహారు జీబీయే. కార్డు మీద మెమరీ నాలుగు జీబీయే. చెప్పనిదల్లా ఆ పేర్ల వెనక ఉన్న సంవత్సరాలు. మరుసటి రోజు ఇద్దరం అంగడికి పోయి పూర్తి మోడల్ నంబర్లు అడిగి రాసుకున్నాం. ప్రాసెసర్ ఐ7-4770, 2013లో వచ్చిన చిప్. గ్రాఫిక్ కార్డు జీటీ 730, 2014 నాటిది.

ఇంటెల్ పేర్లలో గీత తర్వాత వచ్చే అంకెలే అసలు సంగతి చెప్తాయి. చివరి మూడు అంకెలు పక్కన పెడితే ముందు మిగిలేది తరం. 4770 అంటే నాలుగో తరం, 12100 అంటే పన్నెండో తరం. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ తరంలో చిన్నవాడా, నడిపివాడా, పెద్దవాడా అని మాత్రమే చెప్తాయి. ఐ7-4770లో నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ సరిగ్గా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ ఒక్కో కోర్ చేసే పని దగ్గర ఈ కొత్త ఐ3 ఆ పాత ఐ7ను బాగా వెనక్కి నెట్టేస్తుంది. పేరులో 7 చూసి డబ్బు కట్టేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పరు.

ఇంకో ఇబ్బంది ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా, ఒకట్రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ చిప్‌ల మీద నడవదు. ఏదో ఒక దొంగదారిలో ఎక్కించినా, విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ పని చేయాల్సిందే. మావాడు కంప్యూటర్ కొనాలనుకున్నదే ప్రధానంగా ఆ ఆట కోసం.

గ్రాఫిక్ కార్డు దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. "ఎన్ని జీబీ కార్డు?" అని అడగడం మనకు అలవాటైపోయింది. మెమరీ అంటే గోడౌన్ లాంటిది. గోడౌన్ పెద్దదైనంత మాత్రాన సరుకు తొందరగా బయటికి రాదు, వాకిలి వెడల్పు చూడాలి. మాకు రాసిచ్చిన జీటీ 730 వాకిలి 64 బిట్లది, డీడీఆర్3 అనే పాత రకం మెమరీది. అందులోంచి సెకనుకు 14.4 జీబీ సమాచారమే కదులుతుంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 కూడా నాలుగు జీబీ కార్డే. దాని వాకిలి సెకనుకు 128 జీబీ. దాదాపు తొమ్మిది రెట్లు. కొటేషన్ కాగితం మీద మాత్రం రెండూ "4 జీబీ గ్రాఫిక్ కార్డు"లే.

బోరు, మోటారు, పైపు

పార్ట్‌లు విడివిడిగా ఎంత గొప్పవని చూడటం కాదు, ఒకదానికొకటి పొసిగాయా లేదా అన్నది చూడాలి. మా జిల్లాలో ఈ విషయం చెప్పడానికి బోరు కంటే మంచి ఉదాహరణ లేదు. బోరులో రెండించుల నీళ్లు పడితే, దానికి పదిహేను హెచ్‌పీ మోటారు దించినా వచ్చేది ఆ రెండించులే. నీళ్లు దండిగా ఉండి మోటారు చిన్నదైతే పొలం చివరి మడి తడవదు. రెండూ బాగుండి కరెంటు సరిగా లేకపోతే మోటారే కాలిపోతుంది. ఎక్కడ తక్కువ ఉంటే మొత్తం లెక్క అక్కడికే దిగుతుంది.

ఆటలో తెర మీద కనిపించే ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తూటా ఎటు పోయింది, గోడ కూలిందా లేదా, ఈ లెక్కలన్నీ ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్క చేతికి వచ్చాక బొమ్మ గీసి రంగు వేసేది గ్రాఫిక్ కార్డు. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. గుణిస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే కార్డు ప్రతి సెకనూ 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు తేల్చాలి. ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ అయినా కార్డు అయినా అంతలోపు తన పని ముగించకపోతే ఆట తడబడుతుంది.

చుక్కలు పెరిగితే కార్డు మీదే భారం పెరుగుతుంది, ప్రాసెసర్ మీద పెద్దగా పెరగదు. ఫ్రేములు పెరిగితే ఇద్దరి మీదా పెరుగుతుంది. ఇది పట్టుకుంటే ఏ ఆటకు ఎక్కడ డబ్బు పెట్టాలో చాలావరకు తెలిసిపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటల్లో బొమ్మ తేలిక, కానీ సెకనుకు 144 ఫ్రేములు, అంతకు మించి కావాలంటారు. అక్కడ ప్రాసెసర్ మాట ఎక్కువ చెల్లుతుంది. పెద్ద పెద్ద ఊళ్లు, అడవులు, వానలు ఉన్న కథల ఆటలకు కార్డే ప్రాణం. మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఎవరు వెనకబడుతున్నారో తెలుసుకోవాలంటే ఆట సెట్టింగుల్లో రిజల్యూషన్ (చుక్కల సంఖ్య) బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు చకచకా పెరిగితే కార్డు చాలడం లేదు. పెరగకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్ చాలడం లేదు. కొత్త పార్ట్ కొనే ముందు ఈ ఐదు నిమిషాల పని చేసినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

మావాడు వాలరెంట్‌తో పాటు జీటీఏ 5, ఇంకో రెండు మూడు కథల ఆటలు కూడా చెప్పాడు. అలాంటి కలగలుపు కోరికకు నేను పాటించే లెక్క ఇది: మానిటర్ పక్కన పెడితే మిగిలిన డబ్బులో ముప్పై ఐదు నుంచి నలభై శాతం గ్రాఫిక్ కార్డుకు పోవాలి. ప్రాసెసర్, బోర్డు (పార్ట్‌లన్నీ గుచ్చే మదర్‌బోర్డు) రెండూ కలిపి ముప్పై శాతం దాటకూడదు. మిగతాది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఆటలు దాచుకునే డిస్కు), ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ పంచుకోవాలి. ఇది రాతి మీద రాసిన లెక్క కాదు. కానీ ప్రాసెసర్ కార్డు కంటే ఖరీదుగా కనిపించిన కొటేషన్ ఏదైనా సరే, అది గేమింగ్ కోసం రాసింది కాదని చెప్పొచ్చు.

ఏ కార్డు?

తక్కువ బడ్జెట్‌లో ఎక్కువమందిని నిలబెట్టిన కార్డు ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600. 2021 అక్టోబర్‌లో వచ్చింది. ఎనిమిది జీబీ మెమరీ, 132 వాట్ల కరెంటు. మన దగ్గర చాలాకాలం ఇరవై వేల చుట్టుపక్కల దొరికింది. ఫుల్ హెచ్‌డీ తెరకు ఇది సరిపోయే కార్డు. దాని ఎదురుగా అంగళ్లలో ఎక్కువగా చూపించేది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050. ఇందులో రెండు రకాలున్నాయి, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 2022లో వచ్చింది ఎనిమిది జీబీది. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో ఆరు జీబీది వచ్చింది. తేడా రెండు జీబీలే కదా అనుకుంటాం. నిజానికి లోపలి కోర్లు కూడా తగ్గించారు, వాకిలి కూడా సన్నం చేశారు. ఆరు జీబీ కార్డుకు ఒక సుగుణం ఉంది: 70 వాట్లతో నడుస్తుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఆఫీసులో వాడి తీసేసిన కంప్యూటర్‌లో గుచ్చుకోవడానికి అది మంచి కార్డు. కొత్తగా అన్నీ కొంటున్నవాళ్లకు కాదు.

తక్కువ ధరలో వచ్చే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి కూడా చెప్పాలి. ఇది బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే. ఆ దారుల పద్ధతి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్, అది 4.0 ఉన్న బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది. 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే ఆ నాలుగు దారుల వేగం సగమైపోతుంది. పాత బోర్డు ఉన్నవాళ్లే చవక కార్డు వెతుక్కుంటారు, ఈ కార్డు సరిగ్గా వాళ్లకే పనికిరాదు. ఇంటెల్ ఆర్క్ బీ580 పన్నెండు జీబీ మెమరీతో 2024 డిసెంబర్‌లో వచ్చింది, ధర దగ్గర ఆశ పుట్టిస్తుంది. కానీ రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉన్న కొత్త బోర్డు, గట్టి ప్రాసెసర్ ఉంటేనే దాని సత్తా తెలుస్తుంది.

పాత జీటీఎక్స్ 1650, 1660 కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దండిగా దొరుకుతాయి. వాలరెంట్ వరకు పరవాలేదు. అయితే కొన్ని కొత్త ఆటలు రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల లెక్క కట్టే) హార్డ్‌వేర్ లేకపోతే అసలు మొదలే కావు. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ అలాంటిదే. ఆర్‌ఎక్స్ 6600లో, ఆర్‌టీఎక్స్ పేరున్న కార్డుల్లో ఆ హార్డ్‌వేర్ ఉంది. జీటీఎక్స్ పేరున్న వాటిలో లేదు.

ఇప్పుడు డబ్బు బొత్తిగా చాలని వాళ్లకు ఇంకో దారి ఉంది. ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లోనే బొమ్మలు గీసే భాగం ఉంటుంది. కార్డు లేకుండానే వాలరెంట్ ఆడొచ్చు, డబ్బు చేరాక కార్డు కొనుక్కోవచ్చు. దీనికి షరతు ఒకటుంది: ర్యామ్ తప్పనిసరిగా రెండు స్టిక్కులుగా ఉండాలి. ఈ ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్ మెమరీ లేదు, మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 వేగం ఉన్న డీడీఆర్4 ఒక స్టిక్కు సెకనుకు 25.6 జీబీ అందిస్తే రెండు కలిసి 51.2 జీబీ అందిస్తాయి. పదహారు జీబీ ఒక్క స్టిక్కు పెట్టి "ఇంకో స్లాట్ తర్వాత వాడుకోండి" అని చెప్పేవాళ్ల మాట ఇక్కడ వినకూడదు. ఎనిమిది, ఎనిమిది పెట్టించుకోవాలి.

ర్యామ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు ఎక్కువగా అటే పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్‌లో, మామూలు జనానికి అమ్మే తన క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. డీడీఆర్5 తప్ప వేరేది పట్టని ఏఎం5 బోర్డుల (ఏఎండీ కొత్త ప్రాసెసర్లు కూర్చునేవి) వైపు తక్కువ బడ్జెట్ వాళ్లు వెళ్లడం దీంతో ఇంకా కష్టమైంది. డీడీఆర్4 పట్టే బోర్డు తీసుకుంటే కనీసం సెకండ్ హ్యాండ్ ర్యామ్ వెతుక్కునే అవకాశం ఉంటుంది. ర్యామ్‌లో అరిగే భాగం ఏదీ లేదు. పని చేస్తోందని పరీక్షించి కొంటే సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనమని చెప్పే పార్ట్ అదే, ఆ తర్వాత ప్రాసెసర్.

ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవడం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఉన్నది ఈ పెట్టె గురించే. మన ఊళ్లలో పవర్ సప్లై అనరు, ఎస్‌ఎంపీఎస్ అంటారు. చాలాచోట్ల అది క్యాబినెట్‌తో పాటు "ఫ్రీగా" వస్తుంది. ఐదేళ్ల కిందట నేను ఒక స్నేహితుడి కోసం కట్టిన కంప్యూటర్‌లో వెయ్యి రూపాయలు మిగుల్చుకుందామని అలాంటిదే పెట్టాను. మే నెలలో ఒక మధ్యాహ్నం కాలిన వాసన వచ్చింది. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు బోర్డు కూడా పోయింది. ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా ఆ రోజు గుర్తొస్తుంది. ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు.

మావాడికి కొటేషన్ ఇచ్చిన చోట "500 వాట్లు" అని రాసిన ఎస్‌ఎంపీఎస్‌ను బల్ల మీద పెట్టించి, పక్కనున్న స్టిక్కర్ చదివించాను. చిన్న గళ్ల పట్టిక ఉంటుంది. పై వరుసలో 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని, కింద ఒక్కోదానికి ఎన్ని ఆంపియర్లో ఉంటాయి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ 12 వోల్టుల లైను నుంచే కరెంటు తీసుకుంటాయి. ఆ గడిలో ఉన్నది 16 ఆంపియర్లు. పన్నెండును పదహారుతో గుణిస్తే 192 వాట్లు. డబ్బా మీద ఐదు వందలు, పనికొచ్చేది రెండు వందల లోపు. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు. ఐ3-12100ఎఫ్ పూర్తి వేగంలో 89 వాట్ల దాకా పోవచ్చు. రెండూ కలిపితే 221. ఇంకా ఫ్యాన్లు, డిస్కు లెక్కలోకి రాలేదు. మావాడు ఫోన్‌లో గుణకారం చేసి నా వైపు చూశాడు. ఇక నేనేమీ చెప్పలేదు.

మంచి కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే 12 వోల్టుల గడిలో 34 ఆంపియర్లో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. అంటే 400 వాట్లకు పైగా నిజంగా వాడుకోవచ్చు. ఆర్‌ఎక్స్ 6600కి ఏఎండీ చెప్పిన కనీస ఎస్‌ఎంపీఎస్ కూడా 450 వాట్లే. 80 ప్లస్ గుర్తు గురించి ఒక అపోహ ఉంది. అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి చేరుతుందో చెప్పే గుర్తు. లోడు ఎక్కువైనా షార్ట్ అయినా ఆపేసే రక్షణ ఉందో లేదో అది చెప్పదు. అందుకే గుర్తుతో పాటు కంపెనీ పేరు, ఆ మోడల్ వారంటీ ఎన్నేళ్లో చూడాలి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

ఇంకొక మాట. కంప్యూటర్ క్యాబినెట్ తాకితే చిమచిమలాడుతోందని చాలామంది చెప్తుంటారు. ఎక్కువసార్లు తప్పు కంప్యూటర్‌ది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. మన నేల ఎండిపోయే నేల. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చి, వానాకాలం తర్వాత దాన్ని మర్చిపోతాం. మట్టి ఎండేకొద్దీ కరెంటు నేలలోకి దిగడం కష్టమవుతుంది. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి ఎర్తింగ్ చూపించండి. యాభై వేల సామాను పెట్టే గదికి ఇది ఖర్చు కింద లెక్క కాదు.

యూపీఎస్ కూడా ఇదే కోవలోది. 600 వీఏ అని రాసినవి ఎక్కువగా 360 వాట్లే ఇస్తాయి. కరెంటు పోతే ఆట ఆపి, కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ చేసుకోవడానికి అది చాలు. గంటసేపు ఆడుకోవడానికి కాదు.

మే నెల గది

అనంతపురంలో, కర్నూలులో, కడపలో ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే రోజులు చాలానే ఉంటాయి. కార్డుల పరీక్షలు చేసి వీడియోలు పెట్టేవాళ్లలో చాలామంది ఏసీ గదుల్లో కూర్చుని చేస్తారు. వాళ్ల గది 25 డిగ్రీల్లో ఉండి కార్డు 70 డిగ్రీలు చూపించిందంటే, అది గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. ఆ 45 మన గదిలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. గది 40 అయితే కార్డు 85. ప్రాసెసర్లు ఒక హద్దు దాటితే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. రైజెన్ 5 5600కు ఆ హద్దు 90 డిగ్రీలు. మధ్యాహ్నం ఆట నత్తనడక నడిచి రాత్రికి బాగైపోతోందంటే వైరస్ వెతకనక్కర్లేదు, ముందు వేడి చూడండి.

అందుకే క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు ముందువైపు గాజు ఉన్నదాన్ని పక్కన పెట్టి జాలీ ఉన్నదాన్ని తీసుకోమంటాను. అంగట్లో రంగు లైట్ల గాజు పెట్టెలే ముందు వరుసలో ఉంటాయి. జాలీవి వెనక ఉంటాయి, అడిగి తీయించుకోవాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. జాలీ అంటే దుమ్ము కూడా వస్తుంది, అది నిజం. మన గాలికి నెలకోసారి ఫిల్టర్ తీసి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే పాడవుతాయి. గోడలో కడప బండ అర ఉంటే దాని మీద పెట్టొచ్చు, బరువుకు ఢోకా లేదు. కానీ ఆ అర మూడు వైపులా మూసుకుని ఉంటుంది. వెనక జానెడు ఖాళీ లేకపోతే బయటికి పోయిన వేడే తిరిగి లోపలికి వస్తుంది.

బోర్డు, డిస్కు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హెచ్610 లాంటి చవక బోర్డు ఐ3-12100ఎఫ్‌కు చాలు. ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడానికి ఎం.2 స్లాట్ ఉందో లేదో మాత్రం అడగండి. పాత బీ450 బోర్డులో రైజెన్ 5 5600 పెట్టించుకుంటే బయోస్ (ఆన్ చేయగానే బోర్డులో ముందు నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి ఇవ్వమనండి, లేకపోతే తెర మీద ఏమీ రాదు. ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ చదివే సాటా రకమైనా, 3,500 ఎంబీ చదివే ఎన్‌వీఎంఈ రకమైనా ఆటలో ఫ్రేములు పెరగవు, ఆట తెరుచుకునే సమయం తగ్గుతుంది. హార్డ్ డిస్కు నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించేంత తేడా ఆ రెండింటి మధ్య కనిపించదు. ఇప్పటి పెద్ద ఆటలు ఒక్కొక్కటి వంద జీబీ దాటుతున్నాయి కాబట్టి 500 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దు.

ఎక్కడ కొనాలి?

అనంతపురం నుంచి మనకు బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ బజారు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ అంగళ్ల సముదాయం సీటీసీ ఇంచుమించు అంతే దూరం. ధర అక్కడ తక్కువే, ఒకే వీధిలో పది అంగళ్లు తిరగొచ్చు. కానీ కార్డు పాడైతే మళ్లీ బస్సెక్కాలి. నేను చేసేది ఇది: కార్డు, ప్రాసెసర్ పెద్ద ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో కొంటాను. ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ లాంటివి మన ఊళ్లో మంచి కంపెనీవి తెప్పించమని అడుగుతాను. తెప్పించి ఇచ్చే అంగడివాళ్లు ఇక్కడా ఉన్నారు. మనం మోడల్ నంబర్ చెప్పి అడగడం లేదు, అంతే.

"బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అన్న మాట ఎక్కడైనా వినబడుతుంది. తగ్గేది 18 శాతం జీఎస్టీ. పోయేది వారంటీ. డబ్బాలో సీలుతో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు కంపెనీ వారంటీ మూడేళ్లు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి భయం మంచిదే. గ్రాఫిక్ కార్డులతో ఇథీరియం అనే డిజిటల్ డబ్బు సంపాదించే మైనింగ్ పద్ధతి 2022 సెప్టెంబర్‌లో మారిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 అడిగితే 2304 కోర్లకు బదులు 2048 కోర్లే ఉన్న రకాన్ని అదే పేరుతో అంటగట్టడం కూడా ఉంది. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. కార్డు లోపల ఏముందో అది చూపిస్తుంది. నకిలీదని గుర్తు పడితే ఆ మాట కూడా చెప్తుంది. ఆ తర్వాత అరగంట ఆట నడిపించి, వేడి ఎంత పోతోందో చూసి డబ్బులివ్వండి.

చివరికి మావాడు తీసుకున్నవి ఇవి: ఐ3-12100ఎఫ్, డీడీఆర్4 పట్టే హెచ్610 బోర్డు, ఆర్‌ఎక్స్ 6600, పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, జాలీ క్యాబినెట్. ర్యామ్ మాత్రం సెకండ్ హ్యాండ్, ఎనిమిది ఎనిమిది. మానిటర్‌కు డబ్బు మిగల్లేదు. ప్రస్తుతానికి హాల్లో ఉన్న 32 ఇంచుల టీవీయే తెర. అది హెచ్‌డీ రెడీ టీవీ, అడ్డం 1366, నిలువు 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో సగం. కార్డుకు ఇప్పుడు పని తక్కువే. మానిటర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, తెర కోసం కార్డులో కోత పెట్టుకుంటే దాన్ని మళ్లీ పూడ్చలేం.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి బిగించాం. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, టీవీ మాత్రం నల్లగా ఉండిపోయింది. వాడికి చెమటలు పట్టాయి. "మామా, కార్డు పోయిన్యాదా?" అన్నాడు. వెనక్కి వంగి చూడమన్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు గుచ్చి ఉంది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అంటే అందులో బొమ్మలు గీసే భాగం లేదని. తీసి కార్డు మీదున్న రంధ్రంలో పెట్టాడు. తెర వెలిగింది. బయోస్‌లోకి వెళ్లి చూస్తే 3200 ర్యామ్ 2666 దగ్గరే నడుస్తోంది. ర్యామ్‌ను దాని అసలు వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి సేవ్ చేశాం. విండోస్ ఎక్కుతుండగా వాడు సాయంత్రం ఎర్త్ గుంతలో నీళ్లు పోయడానికి బిందె ఎక్కడుందని వాళ్లమ్మను అడుగుతున్నాడు.